సంకేత శిల్పి డైక్‌స్ట్రా

ఒంటి పట్టాల రైలుమార్గంలో రెండు స్టేషన్ల నడుమ ఒక సమయంలో ఒకే బండి నడవాలి. ఆ నియమాన్ని కాపాడేది పట్టాల పక్కన నిలిచి ఉండే సంకేతస్తంభం. దాని రెక్క అడ్డంగా ఉన్నంతసేపు బండి ఆగవలసిందే. అవతలి బండి ఎంత వేగంతో వస్తున్నదో, ఎప్పటికి వస్తుందో ఇవతలి డ్రైవరుకు తెలియనక్కరలేదు. రెక్కను చూసి నడుచుకొంటే చాలు, ప్రమాదం తప్పుతుంది. కంప్యూటర్‌లో కూడా అనేక ప్రోగ్రాములు ఏకకాలంలో నడుస్తూ, ఒకే మెమరీని, ఒకే డిస్కును, ఒకే ప్రింటరును పంచుకొంటూ ఉంటాయి. అవి ఒకదానికొకటి అడ్డురాకుండా, ఒకదాని పని ముగిసిన సంగతి మరొకదానికి తెలియజేసుకొంటూ సాగాలంటే వాటి నడుమ కూడా ఒక సంకేతస్తంభం ఉండాలి. ఆ అవసరాన్ని గుర్తించి, దానికి గణితశాస్త్రపు నిక్కచ్చితనంతో రూపం కల్పించినవాడు హాలెండ్ దేశీయుడైన ఎడ్జర్ వైబె డైక్‌స్ట్రా.

డైక్‌స్ట్రా 1930 మే 11వ తేదీన రోటర్‌డామ్ నగరంలో జన్మించాడు. తండ్రి రసాయనశాస్త్రవేత్త. ఆయన ఉన్నత పాఠశాలలో బోధించేవాడు, డచ్ రసాయనశాస్త్ర సంఘానికి అధ్యక్షుడుగా కూడా ఉన్నాడు. తల్లి గణితశాస్త్రంలో దిట్ట. ఆమె ఏనాడూ ఉద్యోగం చేయలేదు కాని, కుమారుని ఆలోచనాసరళిపై ఆమె ముద్ర చివరి వరకు నిలిచింది. త్రికోణమితి కష్టమా అని కుమారుడు అడిగినప్పుడు, సూత్రాలన్నీ వచ్చి ఉండాలనీ, లెక్క అయిదు పంక్తులు దాటిందంటే దారి తప్పినట్లు గ్రహించాలనీ ఆమె చెప్పినట్లు ఆయన తలచుకొనేవాడు. నలుగురు సంతానంలో ఆయన మూడవవాడు. ఆయనకు పదేళ్ళు నిండిన మూడవ నాడే, 1940 మే 14న, జర్మనీ విమానాలు రోటర్‌డామ్ నగరం నడిబొడ్డును నేలమట్టం చేశాయి. ఆ తర్వాత అయిదేళ్ళ పాటు దేశం పరాయి సేనల ఏలుబడిలో మగ్గింది. యుద్ధం ముగిసిన కాలంలో పెరిగిన ఆ యువకుడు న్యాయశాస్త్రం చదివి ఐక్యరాజ్యసమితిలో తన దేశానికి ప్రతినిధి కావాలని ఆశపడ్డాడంటే ఆశ్చర్యపోనక్కరలేదు. అయితే గణిత, విజ్ఞానశాస్త్రాలలో ఆయనకు వచ్చిన మార్కులను చూసినవారు ఆ మార్గం నుండి మళ్ళించారు. 1948లో ఆయన లైడెన్ విశ్వవిద్యాలయంలో చేరి గణితాన్నీ, సైద్ధాంతిక భౌతికశాస్త్రాన్నీ అభ్యసించసాగాడు.

1951లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో మూడు వారాల పాటు ఒక శిక్షణ తరగతి జరిగింది. మారిస్ విల్క్స్ నాయకత్వంలో నిర్మితమైన ఎడ్‌సాక్ అనే కంప్యూటర్‌కు ప్రోగ్రాములు రాయడం అందులోని పాఠ్యాంశం. భౌతికశాస్త్రపు లెక్కలకు ఉపయోగపడుతుందన్న భావంతో డైక్‌స్ట్రా ఆ తరగతికి వెళ్ళాడు. ఆ సంగతి విన్న ఆమ్‌స్టర్‌డామ్ గణితకేంద్రం కంప్యూటర్ శాఖాధిపతి వాన్ వైంగార్డెన్ ఆయనను పిలిపించి ఉద్యోగం ఇచ్చాడు. 1952 మార్చి నెలలో డైక్‌స్ట్రా హాలెండ్‌లో తొలి ప్రోగ్రామరుగా నియమితుడయ్యాడు.

ఉద్యోగం దొరికింది కాని, మనస్సు కుదుటపడలేదు. భౌతికశాస్త్రం తరతరాల గౌరవం గల విద్య. ప్రోగ్రాములు రాయడమనేదానికి అప్పటికి ఒక శాస్త్రమన్న పేరైనా లేదు. యంత్రపు లొసుగులు ఎరిగి, తెలివిగా మెలికలు వేయగలవాడే మంచి ప్రోగ్రామరని ఆనాటి వారి తలంపు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టి సుమారు మూడేళ్ళు గడిపిన తర్వాత డైక్‌స్ట్రా తన సందేహాన్ని వాన్ వైంగార్డెన్ ముందు ఉంచాడు. ఆ పెద్దమనిషి ఓపికగా విని, కంప్యూటర్లు ఇక పోయేవి కావనీ, ఈ పనిని గౌరవనీయమైన శాస్త్రంగా తీర్చిదిద్దవలసినవారిలో అతడే ఒకడు కారాదా అనీ ప్రశ్నించాడు. ఆ సంభాషణ తన జీవితాన్ని మలుపు తిప్పిందని డైక్‌స్ట్రా తర్వాతి కాలంలో చెప్పుకొన్నాడు. లైడెన్ చదువును వీలైనంత త్వరగా ముగించి, పూర్తిగా ఈ వృత్తికే అంకితమయ్యాడు. లోకం మాత్రం ఆ వృత్తిని ఇంకా గుర్తించలేదు. 1957లో ఆయన వివాహం జరిగినప్పుడు నమోదు పత్రంలో వృత్తి అన్న చోట ప్రోగ్రామర్ అని రాయగా, అటువంటి వృత్తి ఏదీ లేదని ఆమ్‌స్టర్‌డామ్ పురపాలక అధికారులు అంగీకరించలేదు. చివరకు సైద్ధాంతిక భౌతికశాస్త్రజ్ఞుడని రాయవలసి వచ్చింది.

ఆయన పేరు నేడు ఎక్కువమంది విద్యార్థులకు తెలిసింది అత్యల్ప దూరమార్గాన్ని కనుగొనే పద్ధతి వల్ల. 1956లో గణితకేంద్రంలో నిర్మించిన ఆర్మాక్ కంప్యూటర్ శక్తిని సామాన్య జనులకు ప్రదర్శించడానికి ఒక సమస్య అవసరమైంది. ఒకనాడు కాబోయే భార్యతో కలిసి అంగళ్ళు తిరిగి అలసి, ఒక కాఫీశాల ముంగిట కూర్చున్నప్పుడు, కలమూ కాగితమూ లేకుండానే, ఇరవై నిమిషాలలో ఆ పద్ధతిని ఆయన మనస్సులో రూపొందించాడు. ప్రదర్శనలో 64 డచ్ నగరాల పటంపై దానిని నడిపి చూపారు. 1959లో అది మూడు పుటల లోపు వ్యాసంగా వెలువడింది. ఇంతటి ప్రసిద్ధి పొందిన ఈ పని ఆయన దృష్టిలో చిన్నదే. ఆయనను అనేక సంవత్సరాలు వెంటాడిన సమస్య వేరొకటి ఉంది.

ఆ రోజులలో ఒక కంప్యూటర్ ఒక సమయంలో ఒకే ప్రోగ్రామును నడిపేది. ఆ ప్రోగ్రాము కాగితపు టేపు నుండి ఒక అక్షరాన్ని చదవమని అడిగితే, ఆ అక్షరం వచ్చేవరకు యంత్రం చేతులు కట్టుకొని నిలబడేది. టేపును చదివే పరికరం కదిలే భాగాలతో కూడినది. దానికి విద్యుత్తు వేగం ఎక్కడిది? 1957-58 ప్రాంతంలో ఎక్స్-1 అనే కొత్త కంప్యూటరును రూపొందిస్తున్న లోప్‌స్ట్రా, స్కోల్టెన్ అనే ఇంజనీర్లు దీనికి ఒక ఉపాయం సూచించారు. కంప్యూటర్ తన పని తాను చేసుకొంటూ ఉంటుంది. పరికరం తన పని ముగియగానే ఒక సంకేతం పంపుతుంది. ఆ సంకేతం అందగానే కంప్యూటర్ చేస్తున్న పనిని ఉన్నచోట ఆపి, వచ్చిన అక్షరాన్ని అందుకొని, తిరిగి ఆపిన చోటి నుండి సాగుతుంది. దీనినే ఇంటరప్ట్ అంటారు. వంట చేస్తున్న ఇల్లాలు తలుపు చప్పుడు విని, గరిటె పక్కన పెట్టి వెళ్ళి, తిరిగి వచ్చి గరిటె అందుకోవడం వంటిది.

ఈ ఉపాయం విని అందరూ సంతోషించగా, దానికి ప్రోగ్రాములు రాయవలసిన డైక్‌స్ట్రా మాత్రం భయపడ్డాడు. ఆ భయం పిరికితనం కాదు. అప్పటివరకు కంప్యూటర్‌కు ఒక గొప్ప సుగుణం ఉండేది: ఒకే ప్రోగ్రామును ఒకే విధంగా ఎన్నిసార్లు నడిపినా అది ఒకే విధంగా ప్రవర్తించేది. తప్పు జరిగితే మళ్ళీ నడిపి, ఆ తప్పును మళ్ళీ చూసి, పట్టుకోవచ్చు. ఇప్పుడు సంకేతం ఏ రెండు ఆదేశాల నడుమనైనా వచ్చి పడవచ్చు. అది వచ్చే క్షణం ప్రతిసారీ మారుతుంది. వేయిసార్లు చక్కగా నడిచిన ప్రోగ్రాము మరొకసారి తప్పు చేయవచ్చు, ఆ తప్పు మళ్ళీ కనబడకనే పోవచ్చు. కనబడని శత్రువుతో పోరాటం ఎలా? ఆయన కొంతకాలం అంగీకరించకుండా మొండికేశాడు. ఇది సాధించగలవాడు నీవేనని మిత్రులు పొగడి పొగడి ఒప్పించారు. ఆ తర్వాత ఎక్స్-1కు ఆయన రాసిన ఇంటరప్ట్ ప్రోగ్రాము, యంత్రంతో సంభాషణను గురించిన ఆ పరిశోధన, 1959లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం నుండి ఆయనకు డాక్టరేటు సంపాదించిపెట్టాయి. భయం మాత్రం పోలేదు. తర్వాతి పదేళ్ళ కృషి అంతా ఆ భయానికి సమాధానం వెదకడమే.

ఆ భయం ఎంత న్యాయమైనదో ఒక ఉదాహరణ వల్ల గ్రహించవచ్చు. ఒక ప్రోగ్రాము లెక్కలు చేసి ఫలితాలను ఒక పెట్టెలో వేస్తుంది. రెండవ ప్రోగ్రాము పెట్టెలోనివి తీసి ప్రింటరుకు పంపుతుంది. పెట్టె ఖాళీగా ఉంటే రెండవది నిద్రపోవాలి. మొదటిది పెట్టెలో ఏదైనా వేసినప్పుడు సంకేతం పంపి దానిని మేల్కొల్పాలి. వినడానికి సులభంగానే ఉంది. కాని ఈ సన్నివేశం గమనించండి. రెండవ ప్రోగ్రాము పెట్టెలోకి తొంగి చూసింది, ఖాళీగా ఉంది. నిద్రకు ఉపక్రమించబోతున్నది, ఇంకా నిద్రపోలేదు. సరిగ్గా ఆ క్షణాన మొదటిది ఫలితాన్ని పెట్టెలో వేసి మేలుకొమ్మని సంకేతం పంపింది. మేలుకొనే ఉన్నదానిని మేల్కొల్పితే ఏమవుతుంది? ఏమీ కాదు, సంకేతం గాలిలో కలిసిపోతుంది. మరుక్షణం రెండవది నిద్రలోకి జారుకొంటుంది. తనకు రావలసిన సంకేతం వచ్చి వెళ్ళిన సంగతి దానికి తెలియదు. మొదటిది పెట్టె నిండేవరకు పనిచేసి, చోటు లేక తానూ నిద్రపోతుంది. ఇద్దరూ ఒకరి పిలుపు కోసం మరొకరు ఎదురుచూస్తూ ఉండిపోతారు. ప్రోగ్రాములో ఒక్క ఆదేశమైనా తప్పుగా రాసి లేదు. సంకేతం ఒక రెప్పపాటు ముందుగా వచ్చింది, అంతే.

1959లో డైక్‌స్ట్రా గణితకేంద్రంలోని సహచరులకు ఒక సవాలు విసిరాడు. రెండు ప్రోగ్రాములు తమ తమ వేగాలతో నడుస్తున్నాయి. వాటికి ఉమ్మడిగా ఉన్న మెమరీని చదవడం, అందులో రాయడం తప్ప వేరే సాధనం లేదు. ఒక కీలకమైన పనిలో రెండూ ఒకేసారి ప్రవేశించకుండా చూడాలి. ఎవరి వేగం ఎంతైనా ఫలితం చెడకూడదు. సవాలు అందుకొన్నవారు తెచ్చిన పరిష్కారాలలో ఒక్కొక్కదానిలో ఒక్కొక్క లోపం బయటపడింది. చివరకు డెకర్ అనే గణితజ్ఞుడు కొద్ది గంటల్లోనే సరైన పరిష్కారాన్ని, అది సరైనదనే రుజువుతో సహా సాధించాడు. దానిని ఎన్ని ప్రోగ్రాములకైనా వర్తించేటట్లు విస్తరించి 1965లో డైక్‌స్ట్రా ప్రచురించాడు. అయితే ఆ పరిష్కారం చిక్కుముడి వంటిది, పైగా దానిలో వేచి ఉన్న ప్రోగ్రాము ఊరకే తిరిగి తిరిగి చూస్తూ యంత్రపు కాలాన్ని వృథా చేస్తుంది. తల్లి చెప్పిన అయిదు పంక్తుల నియమం ఎరిగినవానికి అది తృప్తి కలిగించలేదు.

1962లో ఆయన ఐండ్‌హోవెన్ సాంకేతిక విద్యాసంస్థలో గణితశాస్త్ర ఆచార్యుడుగా చేరాడు. అక్కడే ఆయన మనస్సులో రైలుమార్గపు సంకేతస్తంభం మెదిలింది. డచ్ భాషలో దానిని సైన్‌పాల్ అంటారు. ఆ పేరుతోనే తొలి పత్రాలు రాశాడు. ఇతర భాషలలోకి అది సెమఫోర్‌గా ప్రవేశించింది. సెమఫోర్ అంటే ఒక సంఖ్య మాత్రమే. ఆ సంఖ్యపై రెండే చర్యలు అనుమతించబడతాయి. మొదటిది పి: సంఖ్య సున్న కంటె ఎక్కువైతే ఒకటి తగ్గించి ముందుకు సాగాలి, సున్న అయితే నిద్రపోయి వేచి ఉండాలి. రెండవది వి: వేచి ఉన్నవారుంటే వారిలో ఒకరిని మేల్కొల్పాలి, ఎవరూ లేకుంటే సంఖ్యను ఒకటి పెంచాలి. పెంచడం అనే అర్థమిచ్చే డచ్ మాటలోని తొలి అక్షరమే వి. తగ్గించ యత్నించడం అనే అర్థంలో ఆయన స్వయంగా ఒక మాటను సృష్టించి, దాని మొదటి అక్షరాన్ని పి చర్యకు పెట్టాడు. ఈ రెండు చర్యలలో ఏదీ మధ్యలో విరగదు. చూడడమూ, తగ్గించడమూ లేక నిద్రపోవడమూ ఒకే ఊపిరిలో జరగాలి. వాటి నడుమ మరొకరు దూరడానికి సందు ఉండకూడదు.

పై ఉదాహరణను ఇప్పుడు మళ్ళీ చూద్దాం. ఫలితాన్ని పెట్టెలో వేసిన ప్రోగ్రాము వి చేస్తుంది. అవతలిది ఇంకా నిద్రపోలేదు కనుక సంఖ్య సున్న నుండి ఒకటి అవుతుంది. తర్వాత తీరికగా వచ్చిన రెండవ ప్రోగ్రాము పి చేయబోగా, సంఖ్య ఒకటి ఉన్నందున నిద్రపోకుండా సాగిపోతుంది. సంకేతం ముందుగా వచ్చినా నష్టం లేదు, ఎందుకంటే అది ఆ సంఖ్యలో నిలువ ఉన్నది. మూడు ఫలితాలు వస్తే సంఖ్య మూడవుతుంది, ఒక్క పిలుపు కూడా లెక్క తప్పదు. ఒకే ప్రింటరును పలువురు పంచుకోవాలన్నా ఇదే సాధనం: సంఖ్యను ఒకటితో మొదలుపెట్టి, వాడబోయే ముందు పి, వాడిన తర్వాత వి చేస్తే సరి. ఎవరు వేగంగా నడిచినా, ఎవరు ఆలస్యమైనా ఫలితంలో మార్పు ఉండదు. పరికరం పంపే ఇంటరప్టును కూడా ఆయన ఒక వి చర్యగా మార్చివేశాడు. తనను భయపెట్టిన అంతరాయాన్ని వ్యవస్థ అట్టడుగున ఒకే ఒక చోట బంధించి, పైనున్న ప్రోగ్రాములకు దాని ఉనికి తెలియకుండా చేశాడు.

ఈ సూత్రం మీద కట్టిన భవనమే ఐండ్‌హోవెన్ సంస్థ పేరులోని తొలి అక్షరాలతో టీహెచ్ఈ అని పేరుపొందిన ఆపరేటింగ్ సిస్టం. దానిని నడిపిన ఎక్స్-8 కంప్యూటరుకు మెమరీలో ఉన్నవి 32 వేల పదాలు మాత్రమే. మెమరీ నుండి ఒక పదం తెచ్చుకోవడానికి దానికి సెకనులో పది లక్షల వంతులలో రెండున్నర వంతులు చాలు. టేపు చదివే పరికరం సెకనుకు 1000 అక్షరాలు అందించేది. అంటే ఒక అక్షరం కోసం వేచి ఉండే లోపల 400 సార్లు మెమరీని అందుకోవచ్చు. ఆ కాలాన్ని వృథా కానీయకుండా విశ్వవిద్యాలయంలోని పలువురి ప్రోగ్రాములను కలిపి నడపడమే లక్ష్యం. పనివారు సుమారు అరడజను మంది, వారిలో చాలామంది సగం కాలమే దీనికి కేటాయించగలిగినవారు. వ్యవస్థను ఒకదానిపై ఒకటిగా అంతస్తులు పేర్చినట్లు నిర్మించారు. అట్టడుగున ప్రాసెసరును పంచే అంతస్తు, దానిపై మెమరీని చూసే అంతస్తు, ఆపై ఆపరేటరు టైపుయంత్రం నుండి వచ్చే సందేశాలను ఎవరివి వారికి చేర్చే అంతస్తు, ఆ తర్వాత పరికరాలు, దానిపై జనుల ప్రోగ్రాములు. కింది అంతస్తు సరైనదని తర్కంతో రుజువైన తర్వాతనే పై అంతస్తుకు పోయేవారు. 1967లో అమెరికాలోని గాట్లిన్‌బర్గ్‌లో జరిగిన సదస్సులో ఆయన దీనిని వివరించాడు. 1968 మే నెలలో ఆ వ్యాసం అచ్చయింది. పరీక్షలలో బయటపడినవి సుమారు 500 ఆదేశాలకు ఒకటి చొప్పున చిల్లర రాతదోషాలేననీ, ప్రతిదానినీ పది నిమిషాలలో పట్టుకోగలిగామనీ ఆయన ప్రకటించాడు. ఇంటరప్టును చూసి బెదిరిన యువకుడు పదేళ్ళకు అందించిన లెక్క ఇది.

సంకేతస్తంభం అన్ని చిక్కులనూ తీర్చదని కూడా ఆయనకు తెలుసు. ఒక ప్రోగ్రాము టేపు పరికరాన్ని పట్టుకొని ప్రింటరు కోసం, మరొకటి ప్రింటరును పట్టుకొని టేపు పరికరం కోసం వేచి ఉంటే ఇద్దరికీ విడుదల లేదు. దీనికి ఆయన మృత్యుకౌగిలి అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ధృతరాష్ట్ర కౌగిలిలో నలిగేది ఒక్కరే, ఈ కౌగిలిలో ఇరుపక్కలవారూ నశిస్తారు. 1965లో ఆయన విద్యార్థులకు దీనిని పరీక్ష ప్రశ్నగా ఇచ్చాడు. అది తర్వాత అయిదుగురు తత్త్వవేత్తల కథగా లోకమంతటా వ్యాపించింది. గుండ్రని బల్ల చుట్టూ అయిదుగురు కూర్చున్నారు. ఇద్దరిద్దరి నడుమ ఒక్కొక్కటి చొప్పున అయిదే ఫోర్కులున్నాయి. తినాలంటే ఒక్కొక్కరికి రెండు కావాలి. అందరూ ఒకేసారి ఎడమచేతి వైపు ఫోర్కును అందుకొంటే ఎవరికీ రెండవది దొరకదు, ఎవరూ చేతిలోనిది వదలరు. భోజనం ఎదురుగా ఉండగా అందరూ ఆకలితో మాడవలసిందే. నేటికీ ఆపరేటింగ్ సిస్టం చదివే ప్రతి విద్యార్థీ ఈ బల్ల వద్ద ఒకసారి కూర్చుంటాడు.

ఇంత సాధించిన ఆయనకు స్వస్థలంలో దక్కింది ఆదరణ కాదు. కంప్యూటర్ శాస్త్రం తమ పరిధిలోనిదని అంగీకరించని గణితశాఖ, ఆయన కూర్చిన బృందాన్ని చెదరగొట్టింది. తర్వాత ఏమి చేయాలో తోచక 1968లో ఆయన తీవ్రమైన మనోవ్యాకులతకు లోనయ్యాడు. ఆ చీకటి నుండి బయటపడడానికి రాతనే మందుగా చేసుకొన్నాడు. ఆ విధంగా వెలువడినవే నిర్మాణాత్మక ప్రోగ్రామింగ్‌ను గురించిన ఆయన ప్రసిద్ధ వ్యాసాలు. ప్రోగ్రాములలో ఇష్టం వచ్చిన చోటికి దూకే గోటు ఆదేశం హానికరమని వాదిస్తూ అదే సంవత్సరం మార్చిలో వచ్చిన ఆయన లేఖ పెద్ద దుమారం లేపింది. 1972లో ఆయనకు ట్యూరింగ్ పురస్కారం లభించింది. కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమని పేరుపొందిన ఈ పురస్కారాన్నే 1994లో మన చిత్తూరు జిల్లాలో జన్మించిన రాజ్ రెడ్డి అందుకొన్నాడు.

ఇదే కాలంలో సముద్రానికి ఆవల మరొక మార్గం తెరుచుకొన్నది. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం నిర్మాణానికి పూనుకొన్నారు. అందులో ఒక ప్రోగ్రాము మరొకదానికి సిగ్నల్ అనే సంకేతం పంపవచ్చు. సిగ్నల్ అంటే ఒక చిన్న అంకె మాత్రమే. కీబోర్డు మీద కంట్రోల్ మీటతో సి మీటను నొక్కితే నడుస్తున్న ప్రోగ్రాముకు 2వ సిగ్నల్ అందుతుంది. 9వ దానిని ఏ ప్రోగ్రామూ కాదనలేదు, ఆగిపోవలసిందే. ఇది యంత్రంలోని ఇంటరప్టుకు ప్రోగ్రాముల లోకంలో పుట్టిన తమ్ముడు. అన్నకున్న దోషాలు తమ్మునికీ వచ్చాయి. అది ఏ క్షణాననైనా వచ్చి పడుతుంది. అడ్డుపెట్టి ఉంచిన వేళ ఒకే సిగ్నల్ మూడుసార్లు వచ్చినా, అడ్డు తీసిన తర్వాత ఒక్కసారే అందుతుంది, ఎందుకంటే వచ్చిందా లేదా అన్నదే గుర్తు ఉంటుంది, ఎన్నిసార్లు వచ్చిందో ఉండదు. తొలి యూనిక్సులలో ఇంకొక ప్రమాదం కూడా ఉండేది. ఒక సిగ్నలును అందుకొన్న ప్రోగ్రాము, దానిని మళ్ళీ అందుకొంటానని వెంటనే చెప్పుకోవలసి వచ్చేది. ఆ లోపలే రెండవది వస్తే ప్రోగ్రామే హతమయ్యేది. తర్వాతి రూపాలలో దీనిని సవరించారు. 1983లో వెలువడిన యూనిక్స్ సిస్టం ఫైవ్‌లో సిగ్నళ్ళ సరసన సెమఫోర్లు, సందేశాల వరుసలు కూడా చోటుచేసుకొన్నాయి. ప్రమాదాన్ని హెచ్చరించడానికి సిగ్నల్, లెక్క తప్పకుండా పిలుచుకోవడానికి సెమఫోర్ అనే విభజన ఆ విధంగా స్థిరపడింది. డైక్‌స్ట్రా యూనిక్స్ నిర్మాణంలో పాల్గొనలేదు. అయినా ఆయన 1950లలో భయపడిన చిక్కు అక్కడ యథాతథంగా ప్రత్యక్షం కావడమూ, ఆయన 1960లలో చెప్పిన మందే అక్కడ చేరడమూ గమనించదగిన విషయాలు.

సెమఫోరుకు విమర్శకులు లేకపోలేదు. పి చేసిన ప్రోగ్రామరు వి చేయడం మరచిపోతే వ్యవస్థ అంతా స్తంభించిపోతుంది. ఆ మరపును యంత్రం పసిగట్టలేదు. ఈ లోపాన్ని తొలగించడానికి బ్రించ్ హాన్సెన్, టోనీ హోర్ అనేవారు 1970లలో మానిటర్ అనే కట్టుదిట్టమైన ఏర్పాటును రూపొందించారు. ఆ విమర్శ సబబైనదే. కాని మానిటరును కట్టేవారు కూడా దాని పునాదిలో సెమఫోరు వంటి సాధనాన్నే వాడవలసి వచ్చింది.

1973 నుండి ఆయన బరోస్ సంస్థకు పరిశోధకుడుగా పనిచేస్తూ న్యూనెన్ గ్రామంలోని తన ఇంటిలోనే గడిపాడు. వారానికొకసారి, మంగళవారం నాడు, విశ్వవిద్యాలయానికి వెళ్ళి సహచరులతో చర్చించేవాడు. కంప్యూటర్ శాస్త్రంలో మేటి అయిన ఆ వ్యక్తి తన రచనలకు చాలాకాలం కంప్యూటర్ వాడనేలేదు. సిరా కలంతో, అచ్చుగుద్దినట్లున్న దస్తూరీతో రాసి, పేరులోని అక్షరాలతో ఈడబ్ల్యుడి అని వరుస సంఖ్య వేసి, నకళ్ళు తీసి మిత్రులకు పంపేవాడు. వారు మరికొందరికి పంపేవారు. ఆయన మాట కరకు. నచ్చని దానిని మెత్తగా చెప్పడం ఆయనకు చేతకాలేదు. గర్విష్ఠి అన్నవారూ ఉన్నారు, లక్షల పంక్తుల ప్రోగ్రాములను రుజువులతో కట్టడం అసాధ్యమన్నవారూ ఉన్నారు. రెండవ మాటలో కొంత సత్యం లేకపోలేదు.

1974లో ఆయన ప్రచురించిన రెండు పుటల వ్యాసం పాత సమస్యను మరొక మెట్టు పైకి తీసుకొనిపోయింది. వలయంగా అమర్చిన కొన్ని యంత్రాలలో ప్రతిదీ తన పొరుగు యంత్రపు స్థితిని మాత్రమే చూడగలదు. ఒక సమయంలో ఒకే యంత్రానికి వంతు రావాలి. ఏదో కారణం వల్ల వ్యవస్థ అంతా గందరగోళంలో పడి, పలు యంత్రాలు తమదే వంతు అనుకొన్నా, బయటివారెవరూ సరిదిద్దకుండానే కొద్ది అడుగులలో ఒకే వంతు మిగిలే పద్ధతిని ఆయన చూపాడు. సుమారు పదేళ్ళ పాటు దానిని పట్టించుకొన్నవారు అరుదు.

1984లో ఆయన అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా చేరి, 1999లో పదవీ విరమణ చేసే వరకు ఆస్టిన్ నగరంలో నివసించాడు. భార్యతో కలిసి ఒక వోక్స్‌వాగన్ వ్యానులో అమెరికా అభయారణ్యాలను చుట్టివచ్చేవాడు. పియానో వాయించేవాడు, మొజార్ట్ సంగీతమంటే ఆయనకు ప్రాణం. కాన్సర్ వ్యాధి సోకిన తర్వాత 2002 ఆరంభంలో స్వదేశానికి, న్యూనెన్ ఇంటికి తిరిగి వచ్చాడు. ఏప్రిల్ 14వ తేదీతో ఒక గణిత విషయంపై చివరి పత్రం రాశాడు. దాని వరుస సంఖ్య 1318. ఆ వేసవిలోనే 1974 నాటి రెండు పుటల వ్యాసానికి పంపిణీ కంప్యూటింగ్ రంగంలోని పురస్కారం లభించింది. 2002 ఆగస్టు 6వ తేదీన ఆయన కన్నుమూశాడు. మరుసటి సంవత్సరం నుండి ఆ పురస్కారం డైక్‌స్ట్రా పేరుతోనే ఇవ్వబడుతున్నది.